మా యూలాలీ అత్తకు విశ్రాంతి మీదా అనుమానమే

మా యూలాలీ అత్తకు అనుమానం ఎక్కువ. అనుమానపు మనుషులు ప్రతి ఇంట్లోనూ ఒకరిద్దరు ఉంటారు గానీ, వాళ్లను చూసి మా అత్తను ఊహించుకోకండి. ఎవరైనా ఎదురుపడి "గుడ్ మార్నింగ్" అంటే ఆవిడ ముందు ఆకాశం వంక చూసి, పొద్దున్నేనని రూఢి చేసుకుని, ఆ తరవాతే జవాబిచ్చేది. మా ఊరు అరిమాలో, మా వీధి చివర బేకరీ ఆయన ఒకసారి పన్నెండు రొట్టెలు అడిగితే పదమూడు ఇచ్చాడు. అత్త ఇంటికొచ్చి లెక్క చూసుకుని, ఆ పదమూడోదాన్ని వెనక్కి తీసుకెళ్లి బల్లమీద పెట్టి, "దీనికేమైంది?" అని అడిగింది. ఏమీ కాలేదు, అభిమానం కొద్దీ వేశానన్నాడాయన. "ఎప్పట్నించి?" అంది అత్త.

ఆవిడ పెళ్లి చేసుకోలేదు. అరిమా నుంచి పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కు బస్సు నడిపే ఒకాయన పదకొండేళ్లు ఆవిడ వెంట తిరిగాడట. ఒక్కనాడూ విసుక్కోలేదట. "అంత ఓపిక మంచివాళ్లకుండదు. ఏదో దాస్తున్నాడు" అని అత్త ఒప్పుకోలేదు. చివరికి ఆయన మరొకావిడను పెళ్లి చేసుకున్నాడు. "చూశారా, బయటపడింది" అంది అత్త మా నాన్నతో, సంతృప్తిగా.

అత్త మా నాన్నకు అక్క. మా బజారులో ఒక చెప్పుల దుకాణంలో ముప్ఫయ్యొక్క సంవత్సరాలు పనిచేసింది. చిన్న పీట మీద కూర్చుని, వచ్చినవాళ్ల పాదం తన ఒళ్లో పెట్టుకుని కొలిచేది. "నాది ఏడో నంబరండీ" అని ఎవరైనా అంటే, "అందరూ ఏడే అంటారు" అని కొలిచి తొమ్మిది తెచ్చేది. ఆ అలవాటు కొద్దీ, కొత్త మనిషి కనబడితే ఆవిడ చూపు ముఖం మీద ఆగదు, తిన్నగా కాళ్ల మీదకు దిగుతుంది. "ముఖాలు చూసి రెండుసార్లు మోసపోయాను. కాళ్లు చూసి ఒక్కసారీ లేదు" అనేది. ఆ రెండుసార్లు ఏమేం జరిగిందో మాలో ఎవరికీ చెప్పలేదు. మమ్మల్ని నమ్మక.

కిందటేడు మా ఆవిడ షార్లీన్ పనిచేసే ఆఫీసులో క్రిస్మస్ విందు రోజున లక్కీడ్రా తీస్తే మొదటి బహుమతి ఆమెకు తగిలింది. పక్క దీవి టొబాగోలో సముద్రపు ఒడ్డు రిసార్టులో నలుగురికి అయిదు రోజుల విడిది. గది, భోజనం, పానీయాలు, పడవ షికారు, అన్నీ ఉచితం. పెళ్లయిన పదేళ్లలో మేము సెలవు పెట్టి ఎక్కడికీ పోయిన పాపాన పోలేదు. షార్లీన్ ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించి వారం రోజులు దాని ముందు నిలబడే కాఫీ తాగింది. నేను, షార్లీన్, మా తొమ్మిదేళ్ల అనీకా కలిసి ముగ్గురం. నాలుగో చోటుకు అత్తను పిలుద్దామన్నది షార్లీనే. పిలవడానికి వెళ్తే అత్త కూర్చోమనకుండానే విచారణ మొదలుపెట్టింది.

"అన్నీ ఉచితమా?"

"అన్నీ అత్తా" అంది షార్లీన్.

"ఎవరిస్తున్నారు?"

"మా ఆఫీసువాళ్లు."

"వాళ్లు నీకు జీతం పెంచి ఎన్నాళ్లయింది?"

షార్లీన్ నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను. "నాలుగేళ్లు" అంది షార్లీన్.

"మరి?"

అత్త లేచి అలమర తెరిచి పాత పెట్టె కిందికి దించింది. "నేనూ వస్తున్నా. మిమ్మల్ని ముగ్గుర్నీ అలా వదిలేసి నేనిక్కడ నిద్రపోలేను" అంది.

ఓడలో ఆవిడ మూడు గంటలూ నిటారుగా కూర్చుంది. ఒళ్లో పెద్ద ఐస్‌క్రీం డబ్బా, దాని నిండా తను వండిన పెలావు. అక్కడ రోజుకు మూడు పూటలా భోజనం పెడతారని ఎంత చెప్పినా వినలేదు. "పెట్టినప్పుడు చూద్దాం" అంది. కెప్టెన్ మైకులో ప్రయాణం ప్రశాంతంగా సాగుతుందని ప్రకటించగానే, లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో వెళ్లి లెక్కపెట్టి వచ్చింది.

రిసార్టు చాలా బాగుంది. తెల్లటి రెండంతస్తుల ఇళ్లు, మధ్య ఈతకొలను, నాలుగడుగులు వేస్తే ఇసుక, దాటితే సముద్రం. వాకిట్లోనే ఒకమ్మాయి చల్లటి జామ రసం గ్లాసులతో ఎదురొచ్చింది. షార్లీన్ రెండు గుక్కల్లో తాగేసి ఇంకోటి తీసుకుంది. అత్త తన గ్లాసును వెలుతురుకెత్తి చూసి, "నువ్వు తాగావా ఇది?" అని ఆ అమ్మాయినడిగింది. లేదండీ, డ్యూటీలో ఉన్నాను అంది పాపం. అత్త గ్లాసును మళ్లీ పళ్లెంలో పెట్టేసింది.

కౌంటరు దగ్గర మా అందరి మణికట్లకూ ఆకుపచ్చ ప్లాస్టిక్ పట్టీలు కట్టారు. అత్త చెయ్యి ఇవ్వలేదు.

"ఇది ఆస్పత్రిలో కడతారు. జైల్లో కడతారు. మీరెందుకు కడుతున్నారు?"

"మీరు మా అతిథి అని గుర్తుకండి మేడమ్" అన్నాడు కౌంటరు కుర్రవాడు.

"నేనెవరో నాకు గుర్తుంది."

పది నిమిషాల చర్చల తరవాత ఆ పట్టీని అత్త చేతిసంచి పిడికి కట్టడానికి రాజీ కుదిరింది. అయిదు రోజులూ ఆ రిసార్టు లెక్కల్లో అతిథి చేతిసంచి, అత్త దానికి తోడు వచ్చిన మనిషి.

గదిలోకి వెళ్లాక అత్త పరుపులు ఎత్తి చూసింది. పటాల వెనక చూసింది. స్నానాలగదిలో కొత్త సబ్బుబిళ్లను తన జానతో, బెత్తెతో కొలిచి పెట్టుకుంది. మంచం మీద తువ్వాలును హంసలా మడిచి పెట్టి ఉంటే అనీకా మురిసిపోయి ముట్టుకోబోయింది. "ఆగు" అంది అత్త. హంసను మెడ పట్టుకుని విప్పి దులిపింది. ఏమీ రాలలేదు. "ఏమీ లేకుండా ఇంత శ్రమ ఎవరు పడతారు?" అంది నాతో.

ఎవరు పడ్డారో అప్పుడే కనిపించింది. ఊడ్చే బ్రష్షు, బకెట్టు పట్టుకుని ఒక పాతికేళ్ల అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. పేరు రోవీనా, ఊరు కొండమీది మొరయా, గదులు శుభ్రం చేసే పని. మంచినీళ్ల సీసాలు పెట్టి, నవ్వి, ఏం కావాలన్నా పిలవమని చెప్పి వెళ్లిపోయింది. ఆమె ఉన్నంతసేపూ అత్త చూపు నేలమీద నుంచి లేవలేదు.

"ఆ పిల్ల ఏదో దాస్తోంది" అంది అత్త తలుపు మూసుకోగానే.

"అత్తా, వచ్చి గంటన్నా కాలేదు" అన్నాను.

"గంటకే తెలిసిపోయిందంటే ఎంత పెద్దది దాస్తోందో చూడు."

ఆ తరవాత రెండు రోజులు మా విశ్రాంతి ఎలా సాగిందో చెప్తాను. సముద్రాన్ని చూడగానే అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇంత నీలంగా ఉందేంట్రా? ఏం కలిపారు?" అంది. మన మాయారో దగ్గర సముద్రం గోధుమరంగులో ఉంటుంది కాబట్టి మనకలా అనిపిస్తుందన్నాను. "మాయారో సముద్రం నిజాయితీగా ఉంటుంది. తనలో మట్టి ఉందని అదే చెప్తుంది. ఇది చూడు, అడుగు కూడా కనిపిస్తోంది. ఎందుకు చూపిస్తోంది మనకి?" అని, గౌను మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని, టోపీ తియ్యకుండా, ఒడ్డుకు మొహం తిప్పి నీళ్లలో నిలబడింది. మా సామాను ఒడ్డున ఉంది మరి.

షార్లీన్ ముచ్చటపడి ఆవిడను మాలిష్ చేసే గదికి తీసుకెళ్లింది. అక్కడి అమ్మాయి కొబ్బరినూనె అరచేతిలో వేసుకుని, "హాయిగా ఒళ్లు వదిలెయ్యండి మేడమ్" అంది.

"ఎందుకు?"

"వదిలేస్తే హాయిగా ఉంటుంది."

"వదిలేశాక మీరేం చేస్తారు?"

ఆ అమ్మాయి పదేళ్ల అనుభవంలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదట. షార్లీన్ మాలిష్ చేయించుకుంటున్నంతసేపూ అత్త పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. ప్రతి రెండు నిమిషాలకూ "ఉన్నావా?" అని అడుగుతుంటే షార్లీన్ "ఉన్నానత్తా" అంటూ గడిపింది.

అడుగున గాజు బిగించిన పడవలో పగడపు దిబ్బలు చూపించడానికి తీసుకెళ్తామన్నారు. "పడవ అడుగుకి గాజా?" అంది అత్త, పడవవాడి కాళ్లు చూసి. ఎక్కలేదు. మేము వెళ్లి గంటన్నర తరవాత తిరిగొస్తే రేవులోనే నిలబడి ఉంది. "పదిహేడుమంది వెళ్లారు. పద్దెనిమిదిమంది దిగారు. ఆ ఎక్కువ మనిషెవడు?" అంది కంగారుగా. పడవ నడిపేవాడిని వెళ్లేటప్పుడు లెక్కలో వేసుకోలేదని తేల్చడానికి మళ్లీ అందరినీ ఎక్కించినంత పనయింది.

భోజనాల దగ్గర మరీ ఇబ్బందయ్యేది. పొడవాటి బల్లమీద పీతలు, డంప్లింగులు, వేయించిన చేప, కలలూ అనే ఆకుకూర వంటకం, పళ్లు, కేకులు వరసగా పేర్చి ఉంటే, అందరూ కంచాలు పట్టుకుని నిలబడితే, అత్త ఖాళీ చేతుల్తో వంటాయన దగ్గరకు వెళ్లి, "ఇందులో మీరింటికి పట్టుకెళ్లేది ఏది?" అని అడిగేది. ఆయన నవ్వి చేప చూపించాడు. అత్త చేప తిన్నది. మిగతావన్నీ మమ్మల్ని తినకుండా చూసింది.

వీటన్నిటికీ నవ్వుకునే ఓపిక నాకుంది. ఓపిక లేనిదల్లా రోవీనా సంగతి దగ్గర. రెండోరోజు నుంచి అత్త ఒక పద్ధతి పెట్టింది. పొద్దున పదిగంటలకు రోవీనా మా గదికి వచ్చేవేళకు మమ్మల్ని ముగ్గుర్నీ బీచికి తరిమేసి, తనొక్కతే గదిలో ఉండేది. "ఆ పిల్ల ఏం చేస్తుందో నేను చూడాలి" అనేది. మా గది బాల్కనీ మేడమీద, ఈతకొలను వైపుంది. కింద అందరికీ అత్త గొంతు వినిపించేది.

"నిజం చెప్పు."

జవాబు వినపడేది కాదు.

"నాకు అబద్ధం చెప్పకు. నా వంక చూసి చెప్పు. ఎప్పుడు?"

బకెట్టు జరిపిన చప్పుడు.

"మీ అమ్మకి తెలుసా?"

కొలను గట్టున పడుకున్నవాళ్లు నల్లకళ్లద్దాలు పైకి తోసి మా బాల్కనీ వంక చూసేవారు. తరవాత నా వంక చూసేవారు. నేను పుస్తకంలో తల దూర్చేవాణ్ణి. అరగంటకు రోవీనా బకెట్టు పట్టుకుని తల వంచుకుని మెట్లు దిగేది.

"అత్తా, ఆ అమ్మాయి పని చేసుకుని బతికేది. మనం ఇలా నిలదియ్యకూడదు" అని షార్లీన్ మెల్లగా చెప్పి చూసింది.

"నిలదియ్యలేదు. కూర్చోబెట్టే అడిగాను" అంది అత్త.

దీనికి తోడు మూడోరోజు నుంచి అత్త చెప్పులు మానేసింది. వేసుకొచ్చిన కాన్వాసు బూట్లు ఏవత్తా అంటే, "చెప్పులేసుకుంటే కాలికింద ఏముందో తెలియదు. ఈ ఇసుకని నేను నమ్మను" అని ఉత్తకాళ్లతో తిరగసాగింది. ముప్ఫయ్యొక్కేళ్లు చెప్పులమ్మిన మనిషి చెప్పుల్ని కూడా అనుమానించే స్థితికి వచ్చిందని నేను నిజంగానే దిగులుపడ్డాను.

నాలుగోరోజు, శనివారం మధ్యాహ్నం, భోజనానికని బీచి నుంచి వస్తుంటే కౌంటరు దగ్గర పదిమంది గుమిగూడి ఉన్నారు. పదహారో నంబరు గదిలో దిగిన కెనడా ఆవిడ మిసెస్ విట్‌లాక్ ఎర్రబడ్డ ముఖంతో నిలబడి ఉంది. ఆవిడ ఎదురుగా మేనేజరు మెల్విల్, మధ్యలో రోవీనా. మిసెస్ విట్‌లాక్ పదిగంటలకు ముత్యాల బ్రేస్‌లెట్ తీసి గదిలో బల్లమీద పెట్టి ఈతకు వెళ్లిందట. పదీ నలభైకి తిరిగొచ్చేసరికి అది లేదు. పక్క కూడా సర్దలేదు, బ్రేస్‌లెట్ మాత్రం మాయమైంది. గది తాళం రెండోది రోవీనా దగ్గరుంటుంది.

"నువ్వు పదికి పద్నాలుగో గదిలోకెళ్లినట్టు నీ చీటీలో రాసుంది" అన్నాడు మెల్విల్. పద్నాలుగో నంబరు మా గదే. మనిషి నెమ్మదస్తుడే, కానీ పదిమంది చూస్తున్నారు. "ఆ గదికి పది నిమిషాలు చాలు. పదీ పది నుంచి పదీ నలభై దాకా ఎక్కడున్నావు?"

రోవీనా రెండు చేతులతో ఏప్రన్ అంచు పట్టుకుంది.

"రోవీనా, నేనడుగుతున్నాను. ఎక్కడున్నావో చెబితే అయిపోయేదానికి ఎందుకిలా నిలబడతావు?"

మిసెస్ విట్‌లాక్, "నాకు గొడవ వద్దు, నా వస్తువు నాకిస్తే చాలు" అంది. మెల్విల్ నిట్టూర్చి పోలీసులకు ఫోన్ చెయ్యమన్నట్టు కౌంటరు కుర్రవాడికి సైగ చేశాడు.

"నా దగ్గరుంది" అన్న గొంతు వెనకనుంచి వినిపించింది.

జనం తప్పుకున్నారు. మా అత్త. తలమీద టోపీ, చేతిసంచి, ఉత్త కాళ్లు.

"బ్రేస్‌లెట్టా?" అంది మిసెస్ విట్‌లాక్.

"ఈ పిల్ల. పదినుంచి పదీ నలభై దాకా నా బాల్కనీలో ఉంది. కదలనివ్వలేదు. కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలడిగాను."

"ఎందుకు మేడమ్?" అన్నాడు మెల్విల్.

"సబ్బు అరిగింది. మేము నలుగురం వాడినదానికంటే ఎక్కువ అరిగింది. వచ్చినరోజే కొలిచి పెట్టుకున్నాను."

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. షార్లీన్ నా చెయ్యి పట్టుకుంది, పారిపోకుండా. మెల్విల్ అత్త వంక చాలాసేపు చూశాడు. ఇంకెవరు చెప్పినా నమ్మేవాడు కాదేమో. కానీ నాలుగు రోజులుగా ఆయన అత్తను చూస్తున్నాడు. వంటాయన చెప్పాడు, మాలిష్ అమ్మాయి చెప్పింది, పడవవాడు చెప్పాడు. కొలను దగ్గర నుంచి వచ్చిన ఒక ముసలాయన, "నిజమే, ఈవిడ రోజూ ఆ అమ్మాయిని నిలదీస్తుంది. మేమందరం వింటున్నాం" అని సాక్ష్యం కూడా చెప్పాడు.

"నా సిబ్బందిని అలా పట్టుకుని కూర్చోబెట్టే అధికారం మీకు లేదు మేడమ్" అన్నాడు మెల్విల్, గొంతు బిగించి.

"తప్పు నాదే. రాసుకోండి. కానీ ఒకటి చెప్పండి మేనేజరుగారూ. నేను అందర్నీ అనుమానిస్తాను. మిమ్మల్ని అనుమానిస్తాను, ఈవిడ మొగుణ్ణి అనుమానిస్తాను, నా మేనల్లుణ్ణి పుట్టిననాటినుంచీ అనుమానిస్తున్నాను. మీరు మాత్రం తాళం చేతిలో ఉన్న ఈ ఒక్క పిల్లనే అనుమానించారు. అది అనుమానం కాదు, బద్ధకం."

మెల్విల్ చెవులు ఎర్రబడ్డాయి. గొడవ అక్కడితో ముగిసిందనుకుని నేను ఊపిరి వదిలాను. అత్త వదల్లేదు.

"అంతమాత్రాన ఈ పిల్ల మీద నాకు నమ్మకం కుదిరిందనుకోకండి. గదుల్లోకి పంపొద్దు. ఆ మెట్లెక్కి దిగే పని, బకెట్లు మోసే పని ఇవ్వొద్దు. ఎక్కడికెళ్తుందో ఎవరు చూస్తారు? ఒకచోట కూర్చోబెట్టి, తువ్వాళ్లు మడతపెట్టే పనేదో ఇచ్చి, మీ కళ్లముందు పెట్టుకోండి. లేకపోతే ఈ సబ్బు సంగతి నేను రాతపూర్వకంగా ఇస్తాను."

సబ్బు గురించి రాతపూర్వకమైన ఫిర్యాదు తన జీవితంలో వద్దనుకున్నాడేమో మెల్విల్, "సరే మేడమ్, ఇవ్వాళ్టి నుంచే బట్టల గదిలో వేస్తాను" అన్నాడు.

ఆ సాయంత్రం మిస్టర్ విట్‌లాక్ స్నానపు కోటు జేబులో చెయ్యి పెడితే బ్రేస్‌లెట్ దొరికింది. భార్య వస్తువులు బల్లల మీద వదిలేస్తుందని భద్రంగా దాచి మరిచిపోయాడట పాపం. మిసెస్ విట్‌లాక్ బట్టల గదికి వెళ్లి రోవీనాకు క్షమాపణ చెప్పింది. అది తెలిశాక నాకు కోపం ఆగలేదు.

"చూశావా అత్తా, ఆవిడే వెళ్లి తప్పయిందని చెప్పింది. నువ్వేమో ఏ తప్పూ చెయ్యని పిల్లని పని మార్పించేశావు. సబ్బుకోసం" అన్నాను.

"మార్చింది మేనేజరు."

"నువ్వు బెదిరిస్తే మార్చాడు. సెలవుకని తీసుకొస్తే ఒకమ్మాయి బతుకుతో ఆడుకున్నావు. నాకు సిగ్గుగా ఉంది."

నా మాట ఆవిడకు తగిలిందని తెలుస్తూనే ఉంది. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని దాని అంచు సవరిస్తూ కూర్చుంది. ఎప్పుడూ "మరి?" అనో, "ఎందుకు?" అనో అడిగే మనిషి నోరు విప్పకపోతే నాకే తోచలేదు.

ఆదివారం పొద్దున మేము బయల్దేరాలి. షార్లీన్ పెట్టెలు సర్దుతుంటే, అత్త తరఫున నేనైనా క్షమాపణ చెబుదామని బట్టల గదికి వెళ్లాను. వంటింటి వెనక, బాదంచెట్టు నీడలో, సముద్రపు గాలి తగిలే గది. రోవీనా వెడల్పు కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని, ముందు చిన్న స్టూలు మీద కాళ్లు చాపుకుని, రేడియో వింటూ తువ్వాళ్లు మడతపెడుతోంది. నన్ను చూసి కాళ్లు దించబోయింది. ఆ కాళ్లకు మా అత్త కాన్వాసు బూట్లున్నాయి. లేసులు సగందాకా తీసేసి, వదులుగా.

నాకు ముందు ఏమీ అర్థం కాలేదు. "మా అత్త తరఫున..." అని మొదలుపెట్టాను.

రోవీనా పకపకా నవ్వింది. "మిస్ యూలాలీ మీకేం చెప్పలేదా? చెప్పదులెండి. నన్ను కూడా చెప్పొద్దంది. ఇవ్వాళ వెళ్లిపోతున్నారు కాబట్టి చెప్తున్నా" అని ఏప్రన్ మీద చెయ్యి వేసుకుంది. "నాకు అయిదో నెల. ఇక్కడెవరికీ తెలీదు. మా పని కాగితం మూణ్ణెల్లకోసారి తిరగరాస్తారు. తెలిస్తే రాయరని భయపడి, పెద్ద సైజు యూనిఫాం వేసుకుని తిరుగుతున్నా. వచ్చినరోజే మిస్ యూలాలీ నా కాళ్లు చూసింది. వాచిపోయి బూట్ల మడమలు తొక్కేసి నడుస్తున్నాను కదా. మర్నాడు గదిలోకి వెళ్లగానే తలుపేసి, 'ఎన్నో నెల?' అంది."

"మరి ఆ ప్రశ్నలు?"

"పొద్దున ఏమన్నా తిన్నావా, నిజం చెప్పు అనేది. అదే అరుపు. డాక్టరుకి చూపించింది ఎప్పుడు అనేది. పైకి అలా గద్దిస్తే కిందవాళ్లు మరోలా అనుకోరంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఉప్పునీళ్ల బకెట్టులో కాళ్లు పెట్టించి, గది ఫ్రిజ్‌లో దాచిన ఆ ఐస్‌క్రీం డబ్బాలో పెలావు తినిపించేది. ఈలోగా గది తనే ఊడ్చి, పక్కలు తనే వేసేది. మీ గదిలో దుప్పటి నేనొక్కరోజూ ముట్టుకోలేదండీ."

మూడు రోజులుగా నా పక్క ఎవరు వేస్తున్నారో అప్పుడు తెలిసింది. తువ్వాలు హంసలు రెండోరోజు నుంచి బాతుల్లా ఎందుకు మారిపోయాయో కూడా.

"నిన్న కౌంటరు దగ్గర, మీ బాల్కనీలో కూర్చున్నానని చెప్తే పని పోతుంది, చెప్పకపోతే దొంగనవుతాను. కళ్లు తిరిగాయి నాకు. ఆవిడ వచ్చింది కాబట్టి సరిపోయింది. ఈ గదిలో మనిషి కిందటి నెల మానేసింది. నన్నిక్కడే ఏడాది చివరిదాకా ఉంచుతూ రాత్రికి రాత్రే కాగితం రాసిచ్చారు మెల్విల్‌గారు. మిస్ యూలాలీ మళ్లీ ఉత్తరం రాస్తుందేమోనని ఆయనకి భయం" అంది రోవీనా.

ఇంక క్షమాపణ చెప్పాల్సింది ఎవరికో తెలిసి గదికి తిరిగొచ్చాను. షార్లీన్‌కు చెబితే పెట్టె మూత మీద కూర్చుని కాసేపు నవ్వింది, ఆ తరవాత కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది. అత్త ఎదురుపడితే మాత్రం ఇద్దరం ఏమీ తెలియనట్టే ఉన్నాం. ఆవిడ వెళ్లే ముందు కౌంటరు దగ్గర అభిప్రాయాల పుస్తకం అడిగి తీసుకుని, "గదిలో దుమ్ము కోసం అయిదు రోజులు వెతికాను. దొరకలేదు. కారణం తెలియలేదు" అని రాసి సంతకం పెట్టింది. మెల్విల్ దాన్ని రెండుసార్లు చదువుకుని, మా సామాను స్వయంగా బండి దాకా మోశాడు.

ఓడ స్కార్‌బరో రేవు దాటాక అనీకా, షార్లీన్ కిటికీ దగ్గర నిద్రలోకి జారుకున్నారు. అత్త నా పక్కన నిటారుగా కూర్చుని ఉంది. నిన్నటి నా మాటలు నాకు ముల్లులా గుచ్చుకుంటున్నాయి.

"అత్తా, నిన్న నోరు జారాను. తప్పు నాది" అన్నాను.

"ఊఁ."

"నువ్వు చాలా మంచిదానివి."

అత్త మెల్లగా నా వైపు తిరిగింది. కళ్లు చిట్లించి చూసింది.

"ఏం కావాలి నీకు?"

"ఏమీ వద్దు. ఊరికే అన్నాను."

"ఇన్నేళ్లు లేనిది ఇవ్వాళ ఊరికే అన్నావా?"

"నిజంగానే అత్తా."

ఆవిడ లేచి, ఎదుటి వరసలో నా మొహం బాగా కనబడే సీటు చూసుకుని వెళ్లి కూర్చుంది. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ కొండలు కనిపించేదాకా నా మీద నుంచి చూపు తిప్పలేదు. మధ్యలో ఒకసారి నేను నిద్రపోతున్నట్టు కళ్లు మూసి, రెప్పల సందులోంచి చూస్తే, అత్త కిటికీ వైపు తిరిగి తనలో తాను నవ్వుకుంటోంది.